బాబు మీవాడేనాండి?

పాప పడుకుంది. పక్కగదిలో ఆయన కూడా పడుకున్నారు. మధ్యాహ్నం నుంచి మా ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. తప్పు నీదంటే నీదని ఎవరం అనలేదు. అనేసుకుని ఉంటే ఈపాటికి నాకూ నిద్ర పట్టేదేమో.

ఆదివారం కదా అని అమలాపురంలో కొత్తగా పెట్టిన ఏసీ రెస్టారెంటుకి వెళ్ళాం. పాపకి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. కూర్చోబెట్టిన కాసేపటికే కుర్చీ దిగిపోయింది. "ఫోనియ్యి, కూర్చుంటది" అన్నారు ఆయన. నేను ఇవ్వలేదు. తిండి దగ్గర ఫోను అలవాటు చెయ్యకూడదన్నది నేను పెట్టిన నియమం. ఆయన మాత్రం ఫోన్లోనే ఉన్నారు. అల్లవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. అక్కడ కరెంటు పోయిందని ఎవరో ఫోన్ చేశారు. నేను మెనూలో కారం లేనిది ఏముందా అని వెతుకుతున్నాను. పాప టేబుళ్ళ మధ్య పరుగు మొదలుపెట్టింది. మొదటిసారి పక్క టేబుల్ వాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వలేదు. నేను లేచేసరికి వంటింటి తలుపు తోసుకుని సర్వరు సూపు గిన్నెల ట్రేతో బయటికొచ్చాడు. పాప సరిగ్గా అతని కాళ్ళ ముందుకి వెళ్ళింది. అతను ట్రేని అటు తిప్పి పాపని తప్పించాడు. సూపు అతని మణికట్టు మీద ఒలికింది.

నేను సారీ అండి, సారీ అండి అంటూనే ఉన్నాను. ఫర్వాలేదండి అని అతను చెయ్యి ఊదుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. పక్క టేబుల్ ఆవిడ మాతో ఏమీ అనలేదు. వాళ్ళాయనతో అంది, మాకు వినపడేలా.

"పిల్లల్ని పట్టుకోలేనోళ్ళు ఇంటికాడే వండుకు తినొచ్చు గదండి."

నా చెయ్యి లేచింది. పాప దాన్ని చూసి, దెబ్బ పడకముందే ఏడుపందుకుంది. నేను కొట్టలేదు. లేచిన చేతితోనే దాన్ని చంకనేసుకుని బయటికి నడిచాను. కాళ్ళు తపతపా కొట్టుకుంటూ "నువ్వొద్దు, నువ్వొద్దు, దింపెయ్యి" అని గొంతు చించుకుంటోంది. హాలంతా దాటాను. గాజు తలుపు దగ్గర నిలబడే మనిషి నాకోసం తలుపు తీసి పట్టుకున్నాడు. మెట్లు దిగి, ఆగి ఉన్న కార్ల మధ్యకి వెళ్ళిపోయాను. చాలామంది చూశారు. ఈ పిల్ల నీ పిల్లేనా అని ఒక్కరూ అడగలేదు.

ఆ కార్ల మధ్య నిలబడ్డప్పుడే నాకు గుర్తొచ్చింది. ఇదే ఊళ్ళో, ఒక హోటల్లోంచి, ఇలాగే ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుని వస్తున్న మనిషిని ఒకప్పుడు గుమ్మంలోనే ఆపేశారు. ఆ మనిషి మా నాన్న.

అప్పుడు నేను మూడో తరగతి. నాన్న మస్కట్‌లో డ్రైవరు. తమ్ముడు అమ్మ కడుపులో ఉండగా వెళ్ళి, వాడికి మాటలన్నీ వచ్చేశాక మొదటిసారి సెలవు మీద వచ్చారు. ఆ మధ్యకాలమంతా మాకు నాన్నంటే ఒక గొంతు. అటునుంచి మా చుట్టుపక్కల వాళ్ళెవరొచ్చినా వాళ్ళ చేత క్యాసెట్ పంపేవారు. అరటితోటల అవతల ఫలానావాళ్ళబ్బాయి దిగాడని తెలియగానే మామ్మ కబురు పెట్టేది. క్యాసెట్ వచ్చిన రోజు వంట పెందలాడే అయిపోయేది. బల్లమీద టేప్ రికార్డరు, కింద చాపమీద మేము. "అమ్మకి దండాలు. నేనిక్కడ కులాసా. ఎండలు జాస్తిగా ఉన్నాయి" అని నాన్న మొదలుపెట్టేవారు. "వేళకి తింటున్నావా అమ్మా" అని క్యాసెట్ అడిగితే, "ఆయ్, తింటున్నాన్రా" అని మామ్మ నిజంగానే జవాబు చెప్పేది. అమ్మ కొంగు సర్దుకుని, గోడవైపు చూస్తూ కూర్చునేది.

తమ్ముడు అన్నం తినకుండా మారాం చేస్తే మేమందరం టేప్ రికార్డరు వైపు చూపించేవాళ్ళం. "అదుగో, నాన్న చూస్తున్నారు, తినెయ్యి." ఎర్రలైటు వెలిగితే నాన్న లేచారనీ, ఆరిపోతే పడుకున్నారనీ చెప్పేవాళ్ళం. వాడు రోజూ దానికి ముద్దుపెట్టి పడుకునేవాడు. ముద్దుగా ఉందని చూసి నవ్వుకునేవాళ్ళం. వీధిలో వాళ్ళని పిలిచి మరీ చూపించేవాళ్ళం. పెద్దయ్యాక వాడికే తెలుస్తుందిలే అనుకున్నారు అందరూ.

ఇంతలో నాన్న వచ్చేశారు. అంబాసిడర్ కారు, పైన తాళ్ళతో కట్టిన పెట్టెలు. పెట్టె తెరిస్తే ఇల్లంతా ఒక వాసన కొట్టింది. సబ్బు, సెంటు, కొత్త దుప్పటి, పాలపొడి అన్నీ కలిసిన వాసన. దాన్ని మేము దుబాయి వాసన అనేవాళ్ళం, నాన్న ఉన్నది దుబాయి కాదని తెలిసినా. తమ్ముడు మంచం కిందికి దూరాడు. "ఎవర్రా ఈయన?" అని మామ్మ వంగి అడిగితే, "పెట్టెల మావయ్య" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. నాన్న మరీ ఎక్కువ నవ్వారు.

వారం తిరిగేసరికి ఆయన నవ్వడం మానేశారు. బొమ్మకారు ఇస్తే తమ్ముడు తీసుకుని, అమ్మ వెనక్కి వెళ్ళి ఆడుకునేవాడు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోయేవాడు. రాత్రి ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, టేప్ రికార్డరుకి ముద్దు పెట్టి, ఆ పక్కనే నిలబడ్డ నాన్నని తప్పించుకుని పక్కెక్కేవాడు. "వత్తాడులేరా, చేరతాడు. పిల్లోడికి కాత్త టైం పడతాది" అనేది మామ్మ. "టైమెక్కడిదమ్మా" అనేవారు నాన్న. సెలవు సగానికి పైగా అయిపోయింది. మళ్ళీ వెళ్తే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు.

ఆ వేసవిలోనే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు పుట్టింది. సాయంత్రాలు మా వీధి అరుగుల మీద అదే మాట. రాజోలు దగ్గర ఒకణ్ణి పట్టుకున్నారట అని ఒకరంటే, రాజోలు కాదండి, కొత్తపేట సంతలో అని ఇంకొకరు. చాక్లెట్లో మందు పెట్టి ఇస్తారనీ, తిన్న పిల్లలు వాళ్ళ వెంట వెళ్ళిపోతారనీ చెప్పుకున్నారు. మాకు బయట ఆటలు కట్టు. "ఎవరేం పెట్టినా తినకండి. అరిచెయ్యండి" అని మామ్మ మా ఇద్దరికీ రోజూ పాఠం చెప్పేది. ఎలా అరవాలో తమ్ముడి చేత అరిపించి చూసేది కూడా.

ఒకరోజు నాన్న, అమలాపురం హోటల్‌కి వెళ్దాం అన్నారు. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు వాడు తన దగ్గరికి రావడం లేదు, బయటికి తీసుకెళ్తే వస్తాడేమో అన్నారు. మామ్మకి హోటల్ తిండి నచ్చదు. కోడలికి వంట రాదనుకుంటారని ఆవిడ భయం. అయినా కాదనలేదు. బయల్దేరేముందు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి పెరుగన్నం ముద్దలు పెట్టింది. మా వైపు అది అలవాటే. పిల్లలు హోటల్లో ఆకలితో ఆబగా తింటే పెంచినవాళ్ళ పరువు పోతుందని ముందే కడుపు నింపి పంపేవాళ్ళు. "పక్కవాళ్ళ ప్లేట్లో చూడకండి. ఏం తింటారని అడిగితే మీ ఇష్టం అనండి. బల్లమీద తాళం వెయ్యకండి. అమ్మ మాట వినండి" అంది. నాన్న మాట వినండి అని కూడా చివర్లో కలిపింది.

ఆ హోటల్లో ముందు హాలు, పక్కగా ఫ్యామిలీ రూములు. రూములంటే చెక్కతో అడ్డం కట్టిన చిన్న చిన్న గదులు. ఒక బల్ల, అటూ ఇటూ బెంచీలు, గోడకి ఫ్యాను, గుమ్మానికి ఆకుపచ్చ తెర. ఆడవాళ్ళూ పిల్లలూ అందులో తినేవాళ్ళు. మగవాళ్ళ మధ్య కూర్చుని తినడం అప్పట్లో మా అమ్మలాంటి వాళ్ళకి ఊహకందని సంగతి. పెనం మీద పెసరట్టు వాసన, అల్లం పచ్చడి ఘాటు, తడిగోనె మీద తుడిచిన కాళ్ళ వాసన, పైనుంచి కాఫీ డికాషన్. తెర దింపగానే అవన్నీ మనతోపాటు లోపలికొచ్చి కూర్చునేవి. సర్వర్లు తెర తీసేవాళ్ళు కాదు. బయట నిలబడి దగ్గేవాళ్ళు. అమ్మ "రండి" అంటేనే తెర కదిలేది.

గోడకి ఒక నల్లటి స్విచ్చి ఉంది. అది నొక్కితే బయటెక్కడో గంట మోగుతుంది, సర్వరు వస్తాడు. దాన్ని తమ్ముడు కనిపెట్టాడు.

మొదటిసారి సర్వరు వచ్చి దగ్గితే నాన్న నవ్వి, "మావాడు నొక్కేడండి" అన్నారు. రెండోసారి అమ్మ లోపల్నుంచే "ఏం వద్దండి" అంది. మూడోసారి సర్వరు దగ్గలేదు. "చెప్పండి, ఏం కావాలో ఒకేసారి చెప్పండి, అవతల జనం ఉన్నారు" అన్నాడు. అమ్మ ముఖం ఎర్రబడింది. "మీరు ఒక మాట చెప్పండి వాడికి" అంది నాన్నతో. అప్పటిదాకా మమ్మల్ని అదిలించే పని అమ్మదే. ఆ పూట ఆవిడ దాన్ని ఆయనకి అప్పజెప్పింది. నాన్న వాడి చెయ్యి పట్టుకుని స్విచ్చి మీంచి తీశారు. గట్టిగా కూడా పట్టుకోలేదు. వాడు ఆ చేతిని కొరికి, బెంచీ కిందనుంచి పాక్కుంటూ తెర దాటి హాల్లోకి పారిపోయాడు.

నాన్న వెంట పరిగెత్తారు, నాన్న వెనక నేను. హాల్లో వాడు తిన్నగా పొయ్యి వైపు పోతున్నాడు. అటునుంచి ఒకాయన సాంబారు బకెట్టుతో వస్తున్నాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగులుంటాయేమో, నాన్న వంగి వాణ్ణి గాల్లోకి లేపేశారు. సాంబారాయన "ఓరి దేవుడా" అని ఆగిపోయాడు. వాడు మామ్మ నేర్పినట్టు అరిచాడు. హాల్లో తింటున్నవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. నలుగురు తినేచోట పిల్లాడిచేత గోల చేయించకూడదనుకున్నారో ఏమో, నాన్న వాణ్ణి అలాగే భుజానేసుకుని వీధి గుమ్మం వైపు గబగబా నడిచారు.

గల్లా దగ్గర కూర్చునే హోటలాయన లేచి గుమ్మానికి అడ్డంగా వచ్చాడు.

"బాబుగారు, ఒక్క నిమిషం ఆగండి."

"పిల్లాడు గోల చేస్తున్నాడండి. కాస్త గాలికి తిప్పి తీసుకొస్తాను."

"తిప్పుదురుగాని. బాబు మీవాడేనాండి?"

"మావాడేనండి."

హోటలాయన తమ్ముడి ముఖంలోకి వంగాడు. "ఏరా బుల్లోడా, ఈయనెవర్రా?"

"పెట్టెల మావయ్య."

"మరి మీ నాన్నెక్కడున్నారు?"

"ఇంటికాడ."

"ఇంటికాడ ఏం చేత్తున్నారు?"

"పడుకున్నారు" అన్నాడు తమ్ముడు వెక్కుతూ. వచ్చేముందు లైటు ఆరి ఉందా లేదా అని చూసుకుని మరీ వచ్చాడు వాడు.

అప్పటికి తినేవాళ్ళు కొందరు ఎంగిలి చేతులతోనే లేచి వచ్చేశారు. "వాళ్ళ నాన్న ఇంటికాడ పడుకున్నాడంటన్నాడు. మరీయనెవరండి?" అన్నాడొకాయన. ఇంకొకాయన ముక్కు ఎగబీల్చి, "ఆ సెంటు చూడండి. ఈ చుట్టుపక్కల మనిషిలా ఉన్నాడాండి?" అన్నాడు. నాన్న నల్లగా కమిలిపోయి ఉన్నారు. జేబులో చలవ కళ్ళద్దాలు. నిజంగానే ఆయన ఎవరిలాగా లేరు.

"మా నాన్నేనండి" అన్నాను నేను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"ఆ పిల్ల చేతిలో ఏటుందో చూడండి" అన్నాడు సెంటు సంగతి చెప్పినాయన. నా చేతిలో సగం తిన్న చాక్లెట్ ఉంది, వెండి రంగు కాగితంతో. నాన్న పెట్టెలోది. "ఫారిన్ చాక్లెట్టండి. పెట్టి చెప్పమంటే చెప్పదేటండి పిల్ల?"

ఎవరో వెనకనుంచి నాన్న భుజం మీద చెయ్యి వేశారు. వేసి, తియ్యలేదు. నాన్న దవడ బిగుసుకోవడం నాకు కింద నుంచి కనపడింది. ఆయన బలమైన మనిషి. పెట్టెలన్నీ కారుమీంచి ఒక్కడే దించారు. ఇప్పుడు ఆయన కొడతారు, లేదా వాళ్ళు కొడతారు అనుకున్నాను. తమ్ముడు అరుస్తూనే ఉన్నాడు. వాడు అరిచినకొద్దీ వీధిలోంచి కూడా మనుషులు లోపలికి వస్తున్నారు.

నాన్న తమ్ముణ్ణి భుజం మీంచి దింపి, హోటలాయన చేతుల్లో పెట్టారు.

"బాబుని మీరు పట్టుకోండి. నేనెక్కడికీ పోనండి, ఇక్కడే కూర్చుంటాను. మా ఆవిడ ఆ చివరి ఫ్యామిలీ రూములో ఉంది. పిలిపించండి" అని గుమ్మం మెట్టుమీద కూర్చున్నారు. భుజం మీది చెయ్యి ఆయనతోపాటే కిందికి వచ్చింది.

కొత్త మనిషి చేతుల్లోకి వెళ్ళగానే తమ్ముడు ఏడుపు ఆపేశాడు. నాన్న అది చూసి తల దించుకున్నారు.

సర్వరు వెళ్ళి తెర బయట నిలబడి దగ్గాడు. అమ్మ రాలేదు. మళ్ళీ దగ్గాడు. "ఇంకెప్పుడూ నొక్కడండి, తప్పయిపోయిందండి" అని లోపల్నుంచి అమ్మ గొంతు. పాపం, గంట గురించి తిట్టడానికి వచ్చారనుకుంది. సర్వరుకి తెర తియ్యడానికి చెయ్యి రాలేదు. నేనే పరిగెత్తి తెర కిందనుంచి దూరాను.

"అమ్మా, నాన్నని పట్టేసుకున్నారు."

అమ్మ చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చింది. మగవాళ్ళు నిండిన ఆ హాల్లోకి అమ్మ అలా నడిచిరావడం నేను అంతకు ముందు చూడలేదు. మెట్టుమీద కూర్చున్న నాన్న, ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి, హోటలాయన చంకలో తమ్ముడు. అన్నీ ఒక్కసారి చూసింది.

"అమ్మా, ఈయన మీకు…" అని హోటలాయన మొదలుపెట్టాడు.

"ముందా చెయ్యి తియ్యమనండి" అంది అమ్మ.

చెయ్యి లేచిపోయింది.

"మా ఆయనండి. మస్కట్ నుంచి వచ్చేరు. పిల్లాడు పుట్టేక వాడిదీ ఈయనదీ ఇదే చూసుకోడం" అంది. శుభ్రంగా ఉన్న చేత్తో కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఎంగిలి చేతులవాళ్ళు ఒక్కొక్కరే బల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. సెంటాయన అందరికంటే ముందు వెళ్ళాడు. హోటలాయన రెండు చేతులూ జోడించాడు. "ఏవనుకోకండి బాబుగారు. రోజులలాగున్నాయి. పిల్లోడు కాదంటే ఎలా ఒదిలేత్తామండి?"

"ఫర్వాలేదండి" అన్నారు నాన్న. లేచి ప్యాంటు దులుపుకున్నారు. తమ్ముణ్ణి అమ్మ తీసుకుంది.

మళ్ళీ తెర వెనక్కి వెళ్ళి కూర్చున్నాం. అమ్మా నేనూ తినలేకపోయాం. నాన్న తన ప్లేట్లోది ముక్క మిగల్చకుండా నెమ్మదిగా తిన్నారు. బస్సెక్కి వచ్చేశాం.

ఇంటికొచ్చాక మామ్మ గొడవ మొదలుపెట్టింది. "నా కొడుకుని పిల్లల్నెత్తుకుపోయేవోడంటారా, ఆ హోటల్ కాల" అని వీధి వినేలా తిట్టింది. అమ్మ కోపం తమ్ముడి మీదికి మళ్ళింది. వాడి చెయ్యి పట్టుకుని చెంపమీదికి చెయ్యెత్తింది. నాన్న మధ్యలోకి వచ్చారు.

"వాణ్ణెందుకు కొడతావు? వాడు అబద్ధం చెప్పలేదు గదా."

ఆ తర్వాత ఆయన టేప్ రికార్డరు బల్లమీంచి దింపి నేలమీద పెట్టి, తమ్ముణ్ణి పిలిచారు. వాడు దానికోసం వచ్చాడు. నాన్న క్యాసెట్ వేశారు. ఎర్రలైటు వెలిగింది. "అమ్మకి దండాలు. నేనిక్కడ కులాసా" అని గొంతు వచ్చింది. నాన్న కూడా దానితోపాటే అన్నారు. "ఎండలు జాస్తిగా ఉన్నాయి." తమ్ముడు టేప్ రికార్డరుని చూశాడు, నాన్న నోటిని చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు. ఉన్నట్టుండి టక్కుమని బటన్ నొక్కేశాడు. లైటు ఆరిపోయింది. నాన్న మాత్రం చెప్పుకుంటూ పోయారు. "పాప బాగా చదువుకుంటోందా? బాబు పాకుతున్నాడా?"

వాడు భయపడి ఏడుస్తూ అమ్మ దగ్గరికి పారిపోయాడు. ఆ పూటకి అంతే.

మర్నాడు వాడే వచ్చాడు. మెల్లగా వచ్చి, నాన్న చొక్కా గుండీ ఒకటి నొక్కి చూశాడు. నాన్న మాట్లాడుతున్నవారు టక్కున ఆగిపోయారు. వాడు మళ్ళీ నొక్కాడు. నాన్న ఆగినచోటనుంచి మొదలుపెట్టారు. ఇంక ఆ రోజంతా అదే ఆట. మామ్మతో ఏదో ముఖ్యమైన సంగతి మాట్లాడుతుంటే వాడొచ్చి నొక్కేవాడు, ఆయన సగం మాటలో నోరు తెరుచుకుని ఉండిపోయేవారు. "నీకూ వాడికీ తేడా లేదురా" అని మామ్మ విసుక్కునేది, పైటలోకి నవ్వుకుంటూ.

సెలవు అయిపోయే ముందు నాన్న, మళ్ళీ ఆ హోటల్‌కే వెళ్దాం అన్నారు. అమ్మ ఆ మాటకి బిత్తరపోయింది.

"మీకేవన్నా మతిపోయిందాండి? ఇంకో హోటలే లేదా ఊళ్ళో?"

"వాడికి నలుగుర్లో ఎలా ఉండాలో నేర్పాలి గదా. నేర్పకుండా వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడు నేర్పుతాను?"

"అక్కడే నేర్పాలా?"

"అక్కడే పోయింది."

ఈసారి ఫ్యామిలీ రూములోకి వెళ్ళలేదు. హాల్లోనే కూర్చున్నాం. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. హోటలాయన మమ్మల్ని గుర్తుపట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు కూడా గుర్తుపట్టినట్టే ఉన్నారు. ఏమీ తెప్పించకముందే నాన్న తమ్ముణ్ణి వేలు పట్టుకుని లేపారు. పొయ్యికి కొంత దూరంలో నిలబెట్టి, వాడి అరచేతిని అటు తిప్పి పట్టుకున్నారు. "వేడి వస్తోందా? ఇక్కడిదాకానే మనం." తర్వాత సర్వర్లు నడిచే దారి చూపించారు. "వాళ్ళ చేతుల్లో వేడివి ఉంటాయి. నువ్వు కింద ఉంటే వాళ్ళకి కనపడవు. అందుకని ఇందులోకి మనం రాకూడదు." వాడు తలూపాడు. వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ బెంచీ దిగాడు. నాన్న కూడా దిగి, వాణ్ణి గోడవారగా ఒకసారి తిప్పి తీసుకొచ్చారు. మళ్ళీ దిగాడు. మళ్ళీ వెళ్ళొచ్చారు. ఉప్పు డబ్బా ఒంపేశాడు, నాన్న వాడి చేతే ఎత్తించారు. ఒక్కసారీ గొంతు పెంచలేదు. ఆయన పెసరట్టు చల్లారిపోయి బిరుసెక్కింది. అమ్మ దాన్ని చూస్తూ, తనది తినలేక తినలేక తింటోంది.

వెళ్ళేటప్పుడు గల్లా దగ్గర హోటలాయన తమ్ముణ్ణి చూసి వంగాడు. అడుగుతాడని నాకు తెలిసిపోయింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏరా బుల్లోడా. ఈయనెవర్రా?"

తమ్ముడు హోటలాయన ముఖం చూశాడు. అప్పుడు తనని ఎత్తుకున్న మనిషే. వాడు నాన్న మోకాలి వెనక్కి వెళ్ళి, ప్యాంటు రెండు పిడికిళ్ళతో పట్టుకుని, ముఖం దానిలో దాచేసుకున్నాడు.

"ఆయ్, తెలిసిందండి" అన్నాడు హోటలాయన.

నాన్న వెళ్ళిపోయారు. తమ్ముడు కారు వెనక ఏడుస్తూ పరిగెత్తాడు. మామ్మ పట్టుకుని తెచ్చింది. ఆ ఏడుపు విని మామ్మకి సంతోషం కలిగిందంటే ఇప్పుడు వింతగా ఉంటుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ హోటలూ పోయింది. ఫ్యామిలీ రూములు ఊళ్ళో ఎక్కడా లేవు. తెర వెనక తినమంటే నేనైనా ఒప్పుకోను.

నాన్న మస్కట్ మానేసి చాలాకాలమైంది. అమ్మా ఆయనా కొత్తపేటలో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. సాయంత్రం ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. పాప పరుగు, సర్వరు చెయ్యి, పక్కావిడ మాట, నా చెయ్యి లేవడం. చెబుతూ ఉండగానే ఇన్నేళ్ళూ అడగనిది అడిగేశాను.

"నాన్నా, ఆ రోజు మిమ్మల్ని మెట్టుమీద కూర్చోబెట్టినప్పుడు కోపం రాలేదా?"

"రాకేం. బస్సులో ఇంటికొచ్చేదాకా అదే. ఇంక ఆ ఊరి ముఖం చూడకూడదనుకున్నాను."

"మరి మళ్ళీ అక్కడికే ఎందుకు తీసుకెళ్ళారు?"

వెనక తమ్ముడి కొడుకు దేనికోసమో పేచీ పెడుతున్నాడు.

"పెట్టెలు సర్దుకుంటుంటే వేరేగా అనిపించిందమ్మా. ఇంట్లో మామ్మ, మీ అమ్మ, మీరిద్దరూ. నేనా, అంత దూరం. ఎవడైనా మీ చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతుంటే ఈ ఊళ్ళో ఒకడు అడ్డమొచ్చి అడుగుతాడు గదా అనుకున్నాను. అలా అడక్కుండా తలుపు తీసి పంపించేసే ఊరైతే, నేను విమానం ఎక్కేవాణ్ణి కాదు."

తర్వాత ఆయనే, "సర్వరు చేతికి మందు రాయించారా?" అని అడిగారు. తెలియదన్నాను. "రేపు వెళ్ళి కనుక్కో. పాపని కూడా తీసుకెళ్ళు, చూపించు" అన్నారు. పక్కావిడ సంగతి ఏమీ అనలేదు.

నాన్న అప్పుడు కారెక్కి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. మా మీద ప్రేమ లేకనో, ఊరి మీద కోపంతోనో అలా వెళ్ళారని చిన్నప్పుడు చాలాకాలం అనుకున్నాను. పిల్లల్ని వదిలి సముద్రం దాటడానికి ఆయనకి ధైర్యమిచ్చిన ఊరు ఇది. ఇదే ఊళ్ళో నేను పిల్లని పక్కనే పడుకోబెట్టుకుని కూడా దాని చెయ్యి వదలలేకపోతున్నాను.